చుట్ట పొగాకు రుద్దిన అద్దం

మొన్న సోమవారం పొద్దున రాజ్‌కిశోర్ నగర్ నుంచి మా మరిది ఫోన్ చేశాడు. "వదినా, నాన్న పోయారు," అన్నాడు. "అత్తమ్మ దగ్గర ఎవరున్నారు?" అని అడిగాను. నాకు ఏడుపు రాలేదు. వచ్చిందని రాస్తే ఆయనే నమ్మరు.

మా మామగారు శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలోనే బిలాస్‌పూర్ షెడ్డుకు వచ్చి, రిటైరయ్యేదాకా రైలింజన్లు నడిపారు. మాది వరంగల్ వైపు. బ్యాంకు ఉద్యోగంతో ఈ ఊరొచ్చి, ఆయనకు ఇష్టం లేకుండానే ఆయన పెద్ద కొడుకును పెళ్లి చేసుకున్నాను. ఒక్కరోజూ ఆయన నన్ను పేరుతో పిలవలేదు. "బ్యాంకమ్మ" అనేవారు. నేను "ఉన్నది" అంటే "ఉన్నదంట" అని సాగదీసి వెక్కిరించేవారు. నేనూ తక్కువదాన్ని కాదు. ఆయన చుట్ట వెలిగిస్తే కొంగుతో ముక్కు మూసుకుని, కావాలనే ఆయన ముందునుంచి నడిచేదాన్ని.

రిటైరయ్యాక ఆయన ఒక పాత కారు కొన్నారు. వానాకాలం వస్తే దాని ముందద్దమే ఆయన లోకం. పొద్దున్నే సబ్బునీళ్లతో కడిగి, తడిపిన పాత పేపరుతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచేవారు. వైపర్ రబ్బరు మెత్తగా ఉందో లేదో వేలితో తడిమి చూసేవారు. మనుషుల ఊపిరికి అద్దం లోపల మసకబారుతుందని, ఎంత జోరువానలోనైనా పక్కద్దాలు రెండు వేళ్లు దించి ఉంచాల్సిందే. చీర తడుస్తోందని నేను విసుక్కుంటే, "తడిస్తే ఆరతావు. కనబడకపోతే పోతావు," అన్నారు. గోల్ బజార్ దగ్గర డ్రైవింగ్ నేర్చుకుని నేను లైసెన్సు తెచ్చుకుంటే, దాన్ని అటూ ఇటూ తిప్పి, "బొమ్మ బాగానే పడింది," అని బల్ల మీద పడేశారు. స్టీరింగు మాత్రం ముట్టనివ్వలేదు.

ఒక శ్రావణ మధ్యాహ్నం అత్తమ్మకు ఊపిరి అందలేదు. పెదాలు నల్లబడ్డాయి. మా ఆయన గూడ్సు డ్యూటీలో ఎక్కడో ఉన్నారు. మామగారు కారు తీశారు. నేను వెనక సీట్లో అత్తమ్మ తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వైపర్లు ఆడుతూనే ఉన్నాయి. అయినా ఆయన మాటిమాటికీ గుడ్డతో అద్దం లోపల తుడుస్తున్నారు. సర్కండా మలుపులో ఎదురుగా రిక్షా వచ్చింది. ఆయన నేరుగా దాని మీదికే పోనిచ్చారు.

"మామయ్యా!" అని అరిచాను. బ్రేకు పడింది. రిక్షావాడు బానెట్ మీద చేత్తో కొట్టి, "అంధా హై క్యా?" అన్నాడు, గుడ్డివాడివా అని.

"అద్దం సెమర్చీసింది," అన్నారు మామగారు.

నాకు అద్దంలోంచి ఆ రిక్షావాడి చొక్కా చిరుగు కూడా కనిపిస్తోంది. అప్పుడు అర్థమైంది.

"అద్దం మంచిగనే ఉన్నది. మీకే కనబడ్తలేదు. దిగుండ్రి."

ఆయన వెనక్కి తిరిగి చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేదు. కొడతారనుకున్నాను. "ఏటన్నావే?" అన్నారు. అంతలో అత్తమ్మ గొంతులో గురక లేచింది. ఆయన తలుపు తీసుకుని వానలోకి దిగి, చుట్టూ తిరిగి వచ్చి ముందు సీట్లో ఎడమవైపు కూర్చున్నారు. "తోలు," అన్నారు. నేను అత్తమ్మ తల సీటుకు ఆనించి, స్టీరింగు ముందుకు వచ్చి కూర్చున్నాను.

అర్పా నది వంతెన మధ్యకు వచ్చేసరికి వైపర్లు ఆగిపోయాయి. అద్దం నిండా నీళ్లు. నాకు దారి కనబడలేదు. "ఆపు. ఇంజను ఆర్పీకు," అని ఆయన మళ్లీ దిగారు. జేబులోంచి చుట్టలు తీసి, గుప్పిట్లో నలిపి, తడిసిన ఆ పొగాకుతో అద్దం నాలుగు మూలలా గట్టిగా రుద్దారు. బొట్లుబొట్లుగా నిలుస్తున్న నీళ్లు పల్చటి పొరలా జారిపోయాయి. దారి కనిపించింది. ఆసుపత్రి చేరేదాకా ఇంకో రెండుసార్లు దిగి రుద్దారు. మధ్యలో "ఎడమకి, ఎడమకి" అంటూనే ఉన్నారు. "మీరు నోర్మూస్కోండ్రి," అన్నాను.

అత్తమ్మ బతికింది. అది మా ఇద్దరి పని. కానీ ఆయన దాన్ని అలా చూడలేదు. ఆసుపత్రి వరండాలోనే చుట్టాలతో, "రిచ్చావోడి ముందర నన్ను గుడ్డోడ్ని సేసీసింది," అన్నారు. ఏడాదిగా చూపు తగ్గుతున్నా ఎవరికీ చెప్పకుండా మమ్మల్నందరినీ కారులో తిప్పారని నేనూ ఊరుకోకుండా అన్నాను. కంటికి ఆపరేషన్ అయ్యి, కట్టు విప్పినప్పుడు ఎదురుగా నేనే ఉన్నాను. "నువ్వా," అని గోడవైపు తిరిగారు. మరుసటి ఏడాది మేం వేరుపడి, ఊళ్లోనే తెలిపారాకు మారిపోయాం. ఆయన మళ్లీ స్టీరింగు పట్టలేదు. నేను క్షమాపణ అడగలేదు. ఇవాళ్టికీ అడగను.

కానీ నిజం చెప్పాలి. వానలో బండి నడపడం నాకు నేర్పింది డ్రైవింగ్ స్కూలు కాదు. నా మీద కోపంతో పళ్లు నూరుతూనే, నా కోసం నడివంతెన మీద వానలో నిలబడిన ఆ మనిషి. ఆ ఒక్కదానికి ఆయనకు దండం పెడతాను.

ఆఖరిసారి ఆయన్ని చూసింది రెండు నెలల క్రితం. అత్తమ్మను చూసి బయల్దేరేసరికి జల్లు మొదలైంది. వాళ్ల గల్లీలో కారు వెనక్కి తీయడం కష్టం, పక్కనే కాలువ. మామగారు లుంగీ ఎగ్గట్టి, గొడుగు లేకుండా గేటు బయటికి వచ్చారు. నా మొహం చూడకుండా, చక్రాల వైపే చూస్తూ, అరచెయ్యి ఊపుతూ నన్ను వెనక్కి రమ్మన్నారు.

"అటు కాదే, గుడ్డిదానా! కాలవలో ఏస్తావు! ఇటు, ఇటు!"

నెత్తిమీంచి నీళ్లు కారుతున్నాయి. కారు రోడ్డెక్కాక, ఆయన చెయ్యి దించి, వెనుదిరిగి లోపలికి వెళ్లి, గేటు చప్పుడయ్యేలా వేసుకున్నారు.