నిద్రలో తీసిన కొలత

ఇంట్లో ఎవరికి చెప్పులు కావాలన్నా ఎస్తేరమ్మ చీపురుపుల్లతో పాదం కొలిచి, అక్కడికి విరిచి, గద్వాల పోయేవాళ్ల చేతికిచ్చేది. పుణె వైపు మట్టిపనులకు తిరిగిన ఏళ్లలోనూ పిల్లల చెప్పులన్నీ ఆ పుల్లలతోనే వచ్చాయి. కొలతలో తనను మించినవాళ్లు లేరని ఆమెకు గట్టి నమ్మకం.

కూతురు హెప్సిబా కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతూ, పొద్దున్నే ఊరి నుంచి మల్దకల్ రోడ్డు దాకా కంకరబాట మీద పరుగెత్తేది. కాళ్లకు అన్న సందీప్ వదిలేసిన పాత బూట్లు. వదులుగా ఉన్నాయని ముందువైపు గుడ్డపేలికలు కుక్కేది. రాళ్ల మీద వాటి టపటప వినపడితే ఎస్తేరమ్మకు తల కొట్టేసినట్టుండేది. వాడంతా నవ్వుతోందని ఆమె అనుమానం. నిజానికి ఎవరూ నవ్వలేదు, ఎవరి పనుల్లో వాళ్లున్నారు.

పరుగు పరీక్ష దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం హెప్సిబా కునుకు తీస్తుంటే, వేళ్లు ముడుచుకుని ఉన్న ఆ పాదానికి తల్లి మెల్లగా పుల్ల ఆనించి విరిచింది. చెబితే వద్దంటుందని చెప్పలేదు. ఈసారి తానే గద్వాల బస్సెక్కింది.

"ఉరికే పిల్లంటున్నవ్. ఉరికితే కాలు సాగుతదమ్మా, ఒక నంబరు పెద్దది తీస్కపో. లేకుంటే పిల్లనే తోల్కరా," అన్నాడు దుకాణదారు.

"వదులు బూట్లతోనే గదా నా పరేషానంత! పుల్లకు సరిపోయేదే ఇయ్యి."

ఎస్తేరమ్మతో వాదించి గెలిచినవాళ్లు లేరు. అతనూ గెలవలేదు.

ఇంటికొచ్చీ రాగానే పాత బూట్లను పాత సామాన్లవాడికిచ్చి ఎల్లిగడ్డలు తీసుకుంది. సాయంత్రం హెప్సిబా కొత్తవి తొడుక్కుంది. ముఖం ఒక్క క్షణం అదోలా అయింది.

"ఎట్లున్నయ్ బిడ్డా?"

"మంచిగున్నయమ్మా."

గోడవారగా పాతవి ఉండే చోటు వైపు చూసింది హెప్సిబా. అక్కడ చేటలో ఎల్లిగడ్డలున్నాయి.

పరీక్ష రోజు పాలమూరు మైదానం గేటు దగ్గర ఎస్తేరమ్మ ప్రార్థన చేస్తూ నిలబడింది. కూతురు కుంటుకుంటూ బయటికొచ్చింది.

"జరంతల టైము దాటిపోయిందమ్మా."

బూటు విప్పితే బొటనవేలి గోరు నల్లబడి నెత్తురు కారుతోంది. హెప్సిబా ఆ కాలు నేల మీద ఆనించి నిలబడింది. వేళ్లు విచ్చుకున్న ఆ పాదం ఎంత పొడవుందో ఎస్తేరమ్మ అప్పుడు చూసింది.

"ఉత్తకాళ్లతోనన్న ఉరకకపోతివి బిడ్డా!"

"నువ్వు గేటుకాడ నిలబడి చూస్తుంటివి గదమ్మా. ఎట్ల ఇప్పాలె?"

మళ్లీ ఈ ఉద్యోగాలకు పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చేనాటికి వయసు దాటిపోయేలా ఉంది. ఇప్పుడు తల్లీకూతుళ్లిద్దరూ మల్దకల్ వైపు విత్తనపత్తి చేలల్లో కూలికి పోతున్నారు. "పారేసుడెందుకు, నువ్వే ఏస్కో," అని హెప్సిబా ఆ బూట్లు తల్లికిచ్చేసింది. కోపంగా కాదు, మామూలుగానే అంది. కోప్పడినా బాగుండేదని ఎస్తేరమ్మ చాలాసార్లు అనుకుంది.

అవి ఆమె కాళ్లకు అతికినట్టు సరిపోయాయి. కంకరబాట మీద కూతురు రబ్బరు చెప్పులతో ముందు నడుస్తుంటే, వెనక ఈమె ఆ బూట్లతో నడుస్తుంది. ఎక్కడా కరవవు. ఒక్కనాడైనా కరిస్తే బాగుండని ఆమె కోరిక.