రెండో పడవ చిక్కుకున్న చోట

మస్కట్‌లో దిగిన రోజు ఫిబ్రవరి ఎండ, పొడి గాలి. ట్రక్కుల్లో సీబ్ పట్టణం దాటి, ఇళ్లు పలచబడ్డాక తీరం పక్కన గుడారాలు వేసుకున్నాం. ఒమాన్ సైన్యంతో మన సైన్యం ఉమ్మడి యుద్ధ విన్యాసం. మేము సముద్రం మీంచి రహస్యంగా దిగి తీరం పట్టాలి. వాళ్లు కాపాడుకోవాలి.

మావి రెండు రబ్బరు పడవలు. మొదటిదానికి నేను నాయకుణ్ణి. రెండోదానికి శ్రీకాకుళం వైపు జాలరి ఇంట్లో పుట్టిన హవల్దార్. ఇద్దరిదీ ఒకే హోదా. బాగా చేసినవాణ్ణి శిక్షణ కేంద్రానికి బోధకుడిగా పంపుతామని కంపెనీ కమాండర్ ముందే చెప్పాడు. ఉన్నది ఒక్క స్థానం. నా చదువు పదో తరగతితో ఆగింది. ఆటుపోట్ల లెక్క సొంతంగా నేర్చుకున్నాను. ఆ స్థానం నాదే అనుకున్నాను.

ఆదేశాలు మూడు. ఒడ్డుకు ఎనిమిది వందల మీటర్ల ముందే ఇంజిన్ ఆపి తెడ్లు వేయాలి. రేడియో వాడకూడదు. ఊరివాళ్ల ఆస్తి పాడుచేయకూడదు. సూర్యోదయం 6:40కి. ఆలోగా రెండు పడవలూ ఒడ్డు చేరకపోతే ఓడినట్టే.

నా పడవ 6:05కి ఇసుక తాకింది. లెక్క నిమిషం తప్పలేదు. రెండోది రాలేదు. వెలుతురు వచ్చాక బైనాక్యులర్‌లో వెతికాను. జాలరుల వలలో చిక్కుకుని అడ్డం తిరిగి ఉంది. కత్తికి మూడు నిమిషాల పని. హవల్దార్ ఛాతీ లోతు నీళ్లలో దిగి వలను చేత్తో విడదీస్తున్నాడు. 6:40కి గెలుపోటములు తేల్చే అంపైర్ ఎర్రజెండా ఊపాడు.

మధ్యాహ్నం గుడారంలో సమీక్ష జరిగింది.

"రేడియో ఉండుంటే వల కోయడానికి అనుమతి అడిగేవాడివా?" అన్నాడు సమీక్షాధికారి అతనితో.

"లేదు సర్. మీరు ఇచ్చినా కోయను. వాళ్ల తిండి అది."

తర్వాత గంటసేపు అతని పడవ గురించే మాట్లాడారు. ఊరివాళ్ల ఆస్తి పాడుచేయొద్దన్న నియమం, రేడియో ఎత్తొద్దన్న నియమం కలిసి అతని చేతులు కట్టేశాయని, తప్పు పథకానిదేనని తేల్చారు. నా పడవకు దక్కింది ఒక్క వాక్యం: సకాలంలో చేరింది. బోధకుడి స్థానం అతనికిచ్చారు.

ట్రక్కులో అతనూ నేనూ పక్కపక్కనే కూర్చున్నాం.

"ఓడిపోయినోనికి ఇనామా? నేను టైముకు దిగిన గదా, నన్ను ఎవడన్న ఒక్క ముచ్చట అడిగిండా?" అన్నాను.

"ఏటి గురూ, కుళ్లుకుంతన్నావా?"

"కుళ్లుకుంటున్న. అయితే ఏంది?"

"మరి నువ్వైతే కోసీవోడివా?"

"మూడు నిమిషాల్ల."

అతను నవ్వి నా భుజం మీద చెయ్యి వేశాడు. తోసేశాను.

మరుసటి ఏడాది పదవీ విరమణ చేసి నిజామాబాద్ వచ్చేశాను. ఒమాన్ గురించి అడిగినవాళ్లకు నా పడవ చేరిన సమయం చెబుతాను. చెప్పనిది ఒకటుంది. ఆ ఉదయం ఎర్రజెండా దిగింది. యుద్ధం అయిపోయింది. అతని జవాన్లు నడిచి ఒడ్డెక్కి టీకి వెళ్లారు. అతను మాత్రం నీళ్లలోనే ఉన్నాడు. ఒక ముసలి జాలరి తన దిష్‌దాషా, ఆ పొడుగు చొక్కా అంచు నడుముకు దోపుకుని నీళ్లలోకి దిగి వల రెండో కొస అందుకున్నాడు. ఒకరి భాష ఒకరికి రాదు. మధ్యలో వల పరుచుకుని, ఎక్కడ చిరిగిందో వేళ్లతో తడుముతూ, ఇద్దరూ దేనికో పగలబడి నవ్వుతున్నారు.

నేను పొడి ఇసుక మీద నిలబడి ఉన్నాను.