పెళ్ళింట్లో తెరిచిన డ్యాంపర్

రెండు వేల పదమూడు వేసవిలో నన్ను జెద్దాలో ఒక పెద్దింటికి ఏసీ ఫోర్‌మన్‌గా పంపారు. నాలుగు రోజుల పని. ఆ ఇంటి కూతురికి రెండో పెళ్ళి. ఫోర్‌మన్ అంటే పెద్ద హోదా అనుకోకండి. నిచ్చెన మోసేవాడు హెల్పర్, మిషన్ విప్పేవాడు టెక్నీషియన్, ఏది చెడినా తిట్లు తినేవాడు ఫోర్‌మన్. ఇరవై ఏళ్ళు తిన్నాక నాకు ఆ పేరు వచ్చింది.

ఆ ఇంటి ఏసీల కాంట్రాక్టు మా కంపెనీది. కంపెనీ యజమాని, అంటే మా కఫీల్, ఫహద్. పెళ్ళికూతురి మొదటి మొగుడు కూడా ఆయనే. విడాకులైనా కాంట్రాక్టు రద్దు కాలేదు. మామగారికి అల్లుడు నచ్చలేదు గానీ ఏసీ పని నచ్చింది.

నితాఖాత్ సంగతి తెలియనివాళ్ళకు రెండు మాటలు. కంపెనీలో సౌదీవాళ్ళు ఇంతమంది ఉండాలని సర్కారు రూలు పెట్టి, కంపెనీలకు రంగులు పూసింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, అన్నిటికీ పైన ప్లాటినం. ఎరుపులో పడ్డ కంపెనీ పనివాళ్ళకు ఇఖామా రెన్యువల్ కాదు. ఇఖామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు. అది లేనివాడు పోలీసు కనబడితే సందులోకి తిరగాల్సిందే. పైగా బయటిదేశం మనిషి తలకింతని రుసుం కూడా వేశారు.

మా కంపెనీలో పనిచేసే సౌదీ ఒక్కరూ లేరు. రిజిస్టర్‌లో మాత్రం ముగ్గురున్నారు. ఫహద్ భార్య, ఆమె చెల్లెళ్ళిద్దరు. వాళ్ళను మేం ఎన్నడూ చూడలేదు, వాళ్ళు ఆఫీసును ఎన్నడూ చూడలేదు. ఆ చూడని ఉద్యోగుల పుణ్యాన మేం పదకొండుమందిమి ఆకుపచ్చలో ఉన్నాం. విడాకుల కాగితం వచ్చిన నెలలోనే ఆమె మూడు పేర్లూ కొట్టేయించింది. మేం ఎర్రబడ్డాం. వాళ్ళకు పిల్లల్లేరు. ఆ కాపురం కూలితే ఆగమైంది మేమే.

నా ఇఖామాకు ఇంకా పంతొమ్మిది రోజులుంది. ఎరుపు కంపెనీ పనివాడు కఫీల్ ఒప్పుకోకపోయినా వేరే కంపెనీకి మారవచ్చు. కానీ తీసుకునేవాడు దొరకాలి కదా. యాభై దాటినవాణ్ణి ఎవడు తీసుకుంటాడు? దొరికాడు. కొత్త పెళ్ళికొడుకే. పెద్ద కంపెనీకి ముదీర్, అంటే మేనేజరు, ప్లాటినం మనిషి. ఏసీల వల్ల మాట రాకుండా పెళ్ళి జరిగితే, నకల్ కఫాలా మీద, అంటే కఫీల్‌ను మార్చే కాగితం మీద, మర్నాడు సంతకం పెడతానన్నాడు. ఆ పెళ్ళి పెళ్ళికూతురికి ఎంత ముఖ్యమో నాకు తెలియదు. నాకు మాత్రం చాలా ముఖ్యం.

ఇంట్లో మగవాళ్ళ మజ్లిస్ ఒక వైపు, ఆడవాళ్ళ హాలు ఒక వైపు. ఆడవాళ్ళ వైపు పని పడితే గుమ్మం దగ్గర "తరీక్, తరీక్" అని కేకేసి, దారి ఖాళీ అయ్యాక తల వంచుకుని పోవాలి. రెండు వైపులకూ మిద్దె మీద వేర్వేరు యూనిట్లు. నడుమ ఒక బైపాస్ డక్ట్, అంటే గాలి గొట్టం, దాంట్లో డ్యాంపర్. డ్యాంపర్ అంటే గాలిని ఆపే రేకు తలుపు. ఒక యూనిట్ చెడితే అది తెరిచి రెండో యూనిట్ గాలిని అటు పంపవచ్చు. ఇల్లు కట్టినప్పటి నుంచి అది మూసే ఉంది. ఎందుకు మూశారో నేను అడగలేదు.

పెళ్ళినాడు మధ్యాహ్నం జుహర్ నమాజు కాగానే ఆడవాళ్ళ వైపు కంప్రెసర్ కాలిపోయింది. గ్రేసమ్మ వంటింటి తలుపు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఆమె పెళ్ళికూతురి నాయనమ్మను చూసుకునే నర్సు, భీమవరం వైపు మనిషి. "అన్నయ్యా, లోపల ముసలావిడ ఉడికిపోతందండి" అంది. మిద్దెక్కి డ్యాంపర్ తెరిచాను. గాలి అటు పోయింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

తరవాత మజ్లిస్‌లో నిచ్చెన వేసుకుని గ్రిల్లు రేకులు సర్దుతున్నాను. కింద పెళ్ళికొడుకు, పెళ్ళికూతురి తండ్రి కూర్చున్నారు. కంప్రెసర్ కాలిందని మామగారు ఫోన్‌లో తిడితే ఫహద్ కూడా వచ్చాడు. వచ్చినవాడు మిద్దెక్కకుండా, సిగ్గు లేకుండా కూర్చుని ఖహ్వా తాగుతున్నాడు. నిచ్చెన మీది మనిషికి చెవులుంటాయని పెద్దవాళ్ళకు తోచదు.

"నీ కంపెనీ ఎరుపు, నీ ముఖమూ ఎరుపు. మిషన్ చూడటానికొచ్చావా, నన్ను చూడటానికొచ్చావా?" అన్నాడు పెళ్ళికొడుకు.

"మిషన్‌నే. కానీ దానికంటే నువ్వే ఎక్కువ చప్పుడు చేస్తున్నావు" అన్నాడు ఫహద్. తరవాత గొంతు తగ్గించాడు. ఆమె పేరు ఏడాదికి పైగా తన రిజిస్టర్‌లో ఉందని, ఆఫీసుకొచ్చి పనిచేస్తానని రెండుసార్లు అడిగిందని, తను నవ్వానని చెప్పాడు. "ఒక కుర్చీ వేస్తే నాదేం పోయేది? ఆ నవ్వుకే ఎర్రబడ్డాను" అన్నాడు.

పెళ్ళికొడుకు తను నవ్వేవాణ్ణి కాదన్నాడు. రియాద్ బ్రాంచికి సౌదీ పేర్లు తక్కువయ్యాయట. ఆమె పేరు, చెల్లెళ్ళ పేర్లు రేపే ఎక్కిస్తాడట. "కుర్చీ దేనికి? గడప దాటే పనే ఉండదు" అన్నాడు. పెళ్ళికూతురి తండ్రి తలూపాడు.

పది నిమిషాలకు గ్రేసమ్మ మళ్ళీ కబురు పెట్టింది. దిగి పోయాను.

"ఆ గొట్టాన్ని ఏం చేశారు అన్నయ్యా? మజ్లిస్‌లో ఎవరు దగ్గినా లోపల వినబడతంది. పెళ్ళికూతురు గాలొచ్చే జాలీ కింద కుర్చీ వేయించుకుని మరీ కూర్చుంది."

"మూసేస్త చెల్లే, ఇప్పుడే పోతున్న" అన్నాను.

"మూయొద్దని చెప్పడానికే నన్ను పంపింది. మూస్తే మీ నిచ్చెన విరగ్గొట్టిస్తానంది."

అయినా మిద్దెక్కాను. అబద్ధం దేనికి, మూయడానికే ఎక్కాను. డ్యాంపర్ పిడి మీద చెయ్యి వేశాను. మూస్తే మాటలు ఆగుతాయి, కానీ హాలు వేడెక్కుతుంది. లోపల ముసలామె, ఇంకో అరవైమంది ఆడవాళ్ళు. ఎవరైనా సొమ్మసిల్లితే ఆ పెళ్ళీ ఆగుతుంది, నా సంతకమూ ఆగుతుంది. ఎటు తిప్పినా నష్టమే. తెరిచే ఉంచాను. అందులో మంచితనమేమీ లేదు.

సాయంత్రం అసర్ నమాజు తరవాత, నేను మళ్ళీ మజ్లిస్‌లో నిచ్చెన మీద ఉండగా, నిఖా కాగితం రాసే మాజూన్ పుస్తకం పట్టుకుని వచ్చాడు. రాసేముందు పెళ్ళికూతురి ఒప్పుదల అడగాలి. తండ్రి లోపలికి పోయి, ముఖం మాడ్చుకుని వచ్చాడు. ఈ మనిషితో ఒప్పుకోదట. ఫహద్‌తోనే మళ్ళీ రాయించుకుంటుందట, ఒక షరతు మీద. ఆ దేశంలో ఆడపిల్ల నిఖా కాగితంలో షరతులు రాయించుకోవచ్చు. ఆమె షరతు ఆఫీసులో ఒక గది, ఒక బల్ల, ఒక కుర్చీ, రోజూ పని. ఫహద్ చేతిలోని ఖహ్వా ఒళ్ళో పడింది. కాలిన సంగతి కూడా చూసుకోకుండా ఒప్పుకున్నానన్నాడు.

ముదీర్ లేచి పోయాడు. గుమ్మం దాటే ముందు ఒకసారి నిచ్చెన వైపు చూశాడు. నా సంతకం ఆయన వెంటే కారెక్కింది.

పెళ్ళికి ముందు రక్తపరీక్ష కాగితాలు కావాలి కాబట్టి నిఖా పదో రోజుకు పడింది. విందు మాత్రం ఆనాడే జరిగింది, ఎందుకంటే మాంసం అప్పటికే ఉడికింది. వడ్డించినవాళ్ళకు పెళ్ళికొడుకు ఎవరో తెలియదు. తిన్నవాళ్ళు అడగలేదు.

నిఖా అయిన మర్నాడే ఆమె పేరు, చెల్లెళ్ళ పేర్లు రిజిస్టర్‌లోకి ఎక్కాయి. ఈసారి ముగ్గురూ మనుషులుగానే వచ్చారు. ఆఫీసులో వెనక గదికి వేరే తలుపు పెట్టారు. కంపెనీ ఆకుపచ్చ అయింది. ఇంకా రెండు రోజులుందనగా నా ఇఖామా రెన్యువల్ అయింది. సంతోషంతో గ్రేసమ్మకు ఒక డబ్బా ఖర్జూరాలు పంపాను.

ఆ వారమే వెనక గది నుంచి నాకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా డ్యాంపర్ తెరిచినందుకు, తెరిచిన సంగతి లాగ్ షీటులో రాయనందుకు హెచ్చరిక. ఫహద్‌ను అడిగితే తనకూ ఒకటి వచ్చిందన్నాడు, ఆలస్యంగా వస్తున్నందుకు. ఆమె ముఖం నేను చివరిదాకా చూడలేదు. చేతిరాత మాత్రం బాగా ఎరుగుదును. నలభై దాటాక అక్షరాలు నేర్చిన నా చేత రోజూ లాగ్ షీటు రాయించింది ఆమే.

ఆ పనిలో నేను నేర్చుకున్నవి రెండు. డ్యాంపర్ తెరిస్తే, ఎప్పుడు తెరిచామో, ఎవరు తెరవమన్నారో రాసి సంతకం పెట్టాలి. మన ఇఖామా ఎవరి పేరు మీద నిలబడిందో, ఆ పేరు గల మనిషికి ఆఫీసులో కుర్చీ ఉందో లేదో ముందే కనుక్కోవాలి. మొదటిది ఏ ట్రైనింగులోనైనా చెప్తారు. రెండోది చెప్పరు.