పెత్రమాసనాడు రెండో పళ్లెం

తొంభైల చివర నాలుగేళ్లు జోర్డాన్‌లో ఒక ముసలామె దగ్గర డ్రైవరుగా ఉన్నాను. ఆమె సర్కాసియన్. అలాంటి జనం ఉన్నారని అంతకుముందు నాకు తెలియదు. మే నెలలో ఒకరోజు ఆమె పొద్దుటినుంచి ఏమీ ముట్టలేదు. శామీర్‌పేట చెరువు పక్కన పుట్టినవాణ్ణి, దిగులుకు చేపల పులుసే మందని నా నమ్మకం. బజారులో చేప కొని, చింతపండు పిసికి వండి తీసుకెళ్లాను.

ఆమె పళ్లెం పక్కకు జరిపింది. కోపం లేదు.

"సముద్రపు చేప మా ఇంట్లో తినం బిడ్డా. అది మావాళ్లను తిన్నది."

అది వాళ్ల జనమంతా ఏటా పోయినవాళ్లను తలుచుకునే రోజని అప్పుడు చెప్పింది. వాళ్ల తాత చిన్నప్పుడు రష్యా చక్రవర్తి సైన్యం వాళ్ల కొండల్లో ఊళ్లకు ఊళ్లు తగలబెట్టింది. చావగా మిగిలినవాళ్లను నల్ల సముద్రం ఒడ్డుకు తోలి ఓడలెక్కించారు. ఆకలికి, జ్వరాలకు ఓడల్లో పోయినవాళ్లను నీళ్లలోకే విసిరారు. తాత చెల్లెలు అట్లాగే పోయింది. ఆ పిల్ల పేరు ఇంట్లో ఎవరికీ తెలియదు.

మా ఊళ్లో పోయినవాళ్లను ఎట్లా తలుస్తామని అడిగింది. పెత్రమాస గురించి చెప్పాను. ఆ అమావాస్యనాడు బియ్యం, పప్పు, కూరగాయలు పళ్లెంలో పెట్టి, పెద్దల పేరు మీద అయ్యగారికి ఇస్తామని.

"ఆ పిల్లను కూడా తలుచుకో," అంది. మాటిచ్చాను.

తిరిగొచ్చిన ఏడాది పెత్రమాసకు రెండు పళ్లేలతో గుడికి వెళ్లాను. ఒకటి మా నాయినది. నేను అక్కడుండగానే ఆయన పోయాడు. నా చేత్తో ఆయనకిచ్చే మొదటి బియ్యం అవి.

"ఈ రెండోది ఎవలది?" అన్నాడు అయ్యగారు. చెప్పాను. వరుసలో నవ్వులు.

"దుబాయ్ పోయినోళ్లు బంగారం తెస్తరు. మనోడు పెద్దల్ని తెచ్చిండు," అన్నాడు నా వెనకాయన.

"పేరు లేదు, గోత్రం లేదు, మనోళ్లు గాదు. ఎట్ల జెప్పాలె?" అన్నాడు అయ్యగారు.

"గోత్రం తెల్వకుంటే కాశ్యప గోత్రమని మీరే జెప్పిండ్రు అయ్యగారు. అందరు కశ్యపుని సంతానమే అంటిరి. సముద్రం అవతలోళ్లు గారా?"

"నాకే శాస్త్రం జెప్తున్నవా?"

"మీ పురాణంల విన్నదే జెప్తున్న. ఇది తీస్కోకుంటే మా నాయినది గూడ ఇయ్య."

అనేశాక కూడా రెండు పళ్లేలూ దించలేదు.

"జల్దీ కానియ్యిండ్రి," అని ఎవరో గొణిగారు.

అయ్యగారు రెండో పళ్లేన్నే ముందు అందుకున్నాడు.

"కాశ్యప గోత్రం. పేరు?"

"నల్ల సముద్రంల పోయిన ఆడపిల్ల. ఆమెతోని పోయినోళ్లందరు."

ఆయన ఉన్నదున్నట్టు గుడి మైకులో పలికాడు. తర్వాత నాయిన పేరు పలికాడు.

ఊళ్లో ఇప్పటికీ నన్ను ఆటపట్టిస్తారు. పట్టించనీ. ఆ పిల్లను నీళ్లపాలు చేసినవాళ్లు ఆమె ఊసే ఉండదనుకున్నారు. ప్రతి పెత్రమాసకూ శామీర్‌పేట గుళ్లో మైకులో ఉంది ఆ ఊసు. ఆ రోజు మా ఇంట్లో చెరువు చేప కూడా వండరు.