మా మామ బుగ్గలో నేను చూసినది

ఈ మధ్య ఏ హోటల్లో భోజనం చేసినా, బిల్లు పెట్టే పళ్లెంలో సోంపుతో పాటు పళ్లు కుట్టుకునే పుల్లలు కూడా పెడుతున్నారు. ఒక్కో పుల్లకు ఒక్కో కాగితపు చొక్కా. ఆ చొక్కా విప్పేసరికి గోళ్లు అరిగిపోతాయి. తీరా విప్పాక మొదటి పన్ను దగ్గరే పుల్ల విరుగుతుంది. సగం చేతిలో, సగం పంట్లో. లోపలున్న జీడిపప్పు ముక్క మాత్రం సొంతింట్లో ఉన్నట్టు నిశ్చింతగా ఉంటుంది.

దీని మీద ఎవరికైనా ఫిర్యాదు చేయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. కానీ పుల్లల గురించి నోరెత్తే హక్కు నాకు లేదని మా చుట్టాల అభిప్రాయం. అది న్యాయమే. ఎందుకంటే సరిగ్గా అలాంటి పుల్లతోనే, నెత్తురు చుక్క చిందకుండా, పందొమ్మిదేళ్ల సర్వీసున్న మనిషిని నేను ఉద్యోగంలోంచి పెరికేశాను. ఆ మనిషి మా మేనమామ పోశన్న. నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాడు.

అప్పుడు నేను మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. దేశం తలుపులు తెరిచిందని పేపర్లు రాస్తున్న రోజులు. ఆ తలుపుల్లోంచి లోపలికి ఎవరొచ్చారో నాకు తెలియదు కానీ, బయటికి వెళ్లేవాళ్ల కోసం మామ పనిచేసే సిమెంటు గొట్టాల కార్ఖానాలో ఫారాలు పంచారు. ఇష్టపూర్వకంగా ఉద్యోగం మానుకుంటే ఒక మొత్తం చేతికిచ్చి మర్యాదగా సాగనంపుతారట. దానికి బంగారు కరచాలనమని పేరు. మామ ఆ ఫారం తెచ్చి దేవుడి పటం వెనక పెట్టాడు. చివరి తేదీ శనివారం మధ్యాహ్నం. మామ ఊగిసలాడుతున్నాడు. ఆయన భార్య శంకరత్త ఊగలేదు. "సంతకం వెట్టినవనుకో, గా కాయితం పొయ్యిల వెడ్త. ఇంట్ల కూసుంటే నా పానం తింటవు" అంది.

సరిగ్గా ఆ నెలలోనే మాకు హిస్టాలజీ మొదలైంది. కణజాలశాస్త్రం. శరీరంలో ఏ ముక్కనైనా పల్చగా కోసి, రంగు వేసి, గాజుపలక మీద పెట్టి సూక్ష్మదర్శినిలో చూస్తే, గోడలో ఇటుకల్లా పేర్చిన కణాలు కనబడతాయని చెప్పే చదువు. మనిషంతా కలిపి నాలుగే రకాల కణజాలమని మా మేడం మొదటి రోజే చెప్పింది. కప్పి ఉంచేది, కలిపి ఉంచేది, కదిలించేది, కబుర్లు మోసేది. ఇంత చిన్న విషయమా మనిషంటే, అనిపించింది. మూడు వారాలకు నాలుగూ వచ్చేశాయి. మనిషి పూర్తిగా అర్థమైపోయాడు.

ఇక్కడ మా కాలేజీ ఆచారం ఒకటి చెప్పాలి. ప్రాక్టికల్ రికార్డు ఎవరూ స్వయంగా రాయరు. సీనియర్ది తెచ్చి చూసి రాస్తారు. ఆ సీనియర్ తన సీనియర్ది చూసి రాసి ఉంటాడు. బొమ్మలూ అంతే. నా లెక్కన, మా కాలేజీలో సూక్ష్మదర్శినిలోకి చూసి బొమ్మ గీసిన చివరి విద్యార్థికి అప్పటికే మనవలు పుట్టి ఉంటారు. చేతులు మారుతున్నకొద్దీ రికార్డులో ఒక్కో వాక్యం జారిపోతూ వచ్చింది. ఈ సంగతి గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

మొదటి ప్రయోగం బుగ్గ కణాలు. రికార్డు ప్రకారం చాలా తేలిక. పుల్ల మొద్దు చివరతో బుగ్గ లోపలివైపు సుతారంగా గీకాలి, గాజుపలక మీద రాయాలి, ఆరనివ్వాలి, నీలం రంగు చుక్క వేసి చూడాలి. క్లాసులో నా బుగ్గ నేనే గీకి చూసుకున్నాను. పల్చటి కణాలు, మధ్యలో నీలం చుక్క, పెనం మీద వేసిన కోడిగుడ్డు అట్టుల్లా ఉన్నాయి. నాకు పట్టరాని గర్వం వచ్చింది. నాలుగు గాజుపలకలు ఇంటికి తెచ్చి మా పేట బాబుపేట్ మీద పడ్డాను. అమ్మది గీకాను. పక్కింటి పాలాయనది గీకాను. బుధవారం సాయంత్రం మామ దొరికాడు.

"మామా, జెర నోరు తెరువు."

"ఎందుకురా అల్లుడా? నోట్ల ఖర్రా ఉన్నది."

ఖర్రా తెలియనివాళ్లకు ఒక మాట. సుపారి పలుకులు, పొగాకు, సున్నం ప్లాస్టిక్ కాగితంలో వేసి, నలుపెక్కేదాకా రెండు అరచేతుల మధ్య రుద్దుతారు. మా వైపు మనిషికీ మనిషికీ మధ్య ఉన్న కలిపి ఉంచే కణజాలం అదే. మామ పొద్దున లేచి దాన్ని బుగ్గన పెట్టుకుంటే మళ్లీ నిద్రకే తీసేవాడు.

"ఉమ్మేయి మామా. సైన్సు పని."

"గిప్పుడే ఏస్కున్న కదరా. సవాయి రూపాయి ఖర్రా, సైన్సు ఇస్తదా మళ్ల?"

"నేనిస్త తియ్. ఉమ్మేయి."

ఉమ్మేశాడు. పుల్ల పెట్టాను. గీకాను. "గిలిగిలి అయితున్నదిరా" అన్నాడు మామ. పుల్ల విరగలేదు. ఆ కాలం పుల్లలు గట్టివి. విరిగినా బాగుండేది.

గురువారం ల్యాబులో ఎవరూ లేరు. మేడం సోమవారం దాకా సెలవు. బీకర్లు కడిగే నామ్‌దేవ్ ఒక్కడు తొట్టి దగ్గర ఉన్నాడు. అమ్మ గాజుపలక పెట్టాను, గుడ్డు అట్లు. పాలాయనది పెట్టాను, గుడ్డు అట్లు. మామది పెట్టాను.

అట్లు లేవు. అంటే ఉన్నాయి, మూలకు నక్కి ఉన్నాయి. వాటి మధ్య నల్లటి, ముదురు గోధుమరంగు ముద్దలు. అంచులు కోసుకుపోయి, గోడలు దళసరిగా, ఒంటి నిండా బొక్కలతో, దేనికీ లొంగని ఆకారాలు. పాఠ్యపుస్తకంలో చివరి పేరా గబగబా తీశాను. క్యాన్సర్ కణాలు పెద్దగా, ముదురుగా, ఆకారం చెడి ఉంటాయని ఒకటిన్నర వాక్యం ఉంది. ఆ ఒకటిన్నర వాక్యమూ మా మామే.

నామ్‌దేవ్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఏం చూస్తున్నావ్ భావూ? నన్నూ జరా చూడనియ్" అన్నాడు మరాఠీలో.

"నీకు అర్థం కాదు" అన్నాను.

ఈ జీవితంలో నేను పలికిన వాక్యాలన్నిటినీ ఎవరైనా వరసగా పేర్చి, ఒక్కటి చెరిపేసుకోమంటే, నేను వెతకక్కర్లేదు.

ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. అమ్మకు మాత్రం చెప్పాను. అమ్మ కూడా ఎవరికీ చెప్పకూడదనుకుంది. శంకరత్తకు మాత్రం చెప్పింది. శుక్రవారం పొద్దున మామ మా వాకిట్లో నిలబడ్డాడు. బుగ్గ ఖాళీగా ఉంది. ఆ ఖాళీ బుగ్గతో మామ ఎవరో కొత్త మనిషిలా ఉన్నాడు.

"అల్లుడా, నిజం చెప్పు. ఏం కనవడ్డది?"

"మంచిగ లేదు మామా."

"అంటే? గా బీమారే?"

నేను తల దించుకున్నాను. ఒక శాస్త్రవేత్త తల దించుకోవడంలో ఉండే గాంభీర్యం కూడా కాస్త చూపించానని ఇప్పుడు ఒప్పుకోవాలి.

"ఎన్ని దినాలు?"

"పక్కాగా చెప్పలేం."

"గింత నాకు మస్తు" అన్నాడు మామ.

దవాఖానకు వెళ్లలేదా అంటారా? నాగపూర్ పెద్దాసుపత్రికి పోదామని అమ్మ మొత్తుకుంది. "అల్లుడు మిషన్ల సూసిండు. ఇగ డాక్టర్ ఏం సూస్తడు?" అన్నాడు మామ. నన్ను అంతగా నమ్మిన మనిషి ఇంకొకడు లేడు. అప్పట్నుంచి ఎవరైనా నన్ను నమ్ముతున్నామంటే నాకు భయమేస్తుంది.

శనివారం పొద్దున దేవుడి పటం వెనక నుంచి ఫారం దిగింది. "నేను వోయినంక ఆఫీసుల సుట్టు నువ్వేం తిరుగుతవే? ఉన్నప్పుడే తెచ్చి నీ చేతుల వెడ్త" అన్నాడు మామ. పొయ్యిలో పెడతానన్న మనిషే పెన్ను తెచ్చి ఇచ్చింది. మామ సంతకం పెడుతుంటే సాక్షి గడిలో ఎవరు పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. చదువుకున్నవాడు పెట్టాలన్నారు. పెట్టాను.

కొత్త వైద్యుడి కన్నా పాత రోగి నయమని సామెత. నేను వైద్యుణ్ణి కాను, మామ రోగి కాడు. సామెతకు కూడా అందని జంట మాది.

సోమవారం మేడం వచ్చింది. గాజుపలక పెట్టి చూపించాను. ఆమె కన్ను పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. "హే కాయ్ రే?" అంది, ఇదేంట్రా అని.

"క్యాన్సర్, మేడం. మా మామది."

ఆమె పక్కకు జరిగింది. ఆ సందులో నామ్‌దేవ్ వంగి చూశాడు. ఒక్క క్షణం పట్టలేదు.

"సుపారి" అన్నాడు.

"ఏమిటి?"

"సుపారి, భావూ. ఇదిగో ఈ మెరిసేది సున్నం. ఈ పోగు పొగాకు. బాగా రుద్దలేదు ఇది, పలుకు ఇంకా పెద్దగానే ఉంది. ఏ ఠేలాలో కొన్నాడు మీ మామ?"

నేను నమ్మలేదు. నామ్‌దేవ్ తొట్టి దగ్గరికి పోయి, తన బుగ్గలోది ఉమ్మేసి, పుల్ల పెట్టి గీకి, నాకంటే శుభ్రంగా రాసి, నాకంటే శుభ్రంగా రంగు వేసి ఇచ్చాడు. చూశాను. మామే. అచ్చం మా మామే.

మేడం నెమ్మదిగా అడిగింది. "గీకేముందు నీళ్లతో నోరు బాగా పుక్కిలించమన్నావా?"

"రికార్డులో అట్ల లేదు మేడం."

ఆమె బీరువా తీసి పాత రికార్డులు బల్ల మీద వేసింది. ఏడు సంవత్సరాలవి. ఏ ఒక్కదాంట్లోనూ మొదటి మెట్టు లేదు. అన్నీ రెండో మెట్టు నుంచే మొదలయ్యాయి, ఒకటి అని అంకె వేసుకుని మరీ. ఎనిమిదోది, అట్ట ఊడినది, ఎవరో పుణ్యాత్ముడిది, అందులో ఉంది. "నోటిని నీటితో మూడుసార్లు పుక్కిలించవలెను." చక్కని దస్తూరి. మా మామ ఉద్యోగం ఆ ఒక్క పంక్తిలో ఉండేది.

సైకిలు మీద కార్ఖానాకు ఎలా పోయానో గుర్తులేదు. ఆఫీసు గుమాస్తా టీ సాసర్లో పోసుకుంటున్నాడు.

"సార్, మా మామ ఫారం వాపస్ కావాలి."

"ఎందుకు?"

"ఆయనకు ఏం బీమారీ లేదు సార్."

"బీమారీ ఉండాలని మేమెప్పుడన్నాం?" అన్నాడు గుమాస్తా. "ఫారాలన్నీ పొద్దున్నే బొంబాయి ఆఫీసుకు పోయినయ్. అయినా ఇష్టపూర్వకంగా అని రాసి ఉంది కదా. కింద సాక్షి సంతకం నీదే కదా?"

నాదే. మామకు చెప్పడం మిగిలింది. మామ గడపలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నాలుగు రోజులకే గడ్డం మాసింది. అంతా విన్నాడు.

"అంటే నేను సావనా?"

"సావవు మామా."

"పక్కా?"

"పక్కా. గది సుపారి."

మామ మొహం వెలిగింది. నిజంగా వెలిగింది. జేబులోంచి ఖర్రా పొట్లం తీశాడు, నాలుగు రోజులుగా దగ్గరే పెట్టుకున్నాడు పాపం. రుద్దడం మొదలుపెట్టాడు. రుద్దుతూ రుద్దుతూ మధ్యలో చేతులు ఆగిపోయాయి.

"మరి కొలువు?"

దానికి పాఠ్యపుస్తకంలో ఒకటిన్నర వాక్యం కూడా లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం లోకరీతి. మామ చేతులు కలిపాక తమలపాకులు పట్టుకున్నాడు. వచ్చిన మొత్తంతో కార్ఖానా గేటు ఎదురుగానే పాన్‌ఠేలా పెట్టాడు. సరుకులో సగం తనే నమిలాడు. రెండేళ్లకు ఠేలా పోయింది. తర్వాత ఊర్జానగర్‌లో ఎవరిదో గేటు దగ్గర కాపలా. అత్త అప్పట్నుంచి జాకెట్లు కుడుతూనే ఉంది. కార్ఖానా మూతపడి ఉంటే నేను దూరదృష్టి గలవాడిగా మిగిలేవాణ్ణి. అది ఇవాల్టికీ నడుస్తోంది. మూడు షిఫ్టులు. ప్రతి షిఫ్టుకూ దాని సైరను బాబుపేట్ అంతా వినబడుతుంది. మామ ఇంట్లో మరీ బాగా వినబడుతుంది.

కనుక ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఎవరి నోట్లోకీ, వారు మూడుసార్లు పుక్కిలించకుండా, తొంగిచూడను. ఒకటో మెట్టు కనబడని ఏ పుస్తకాన్నీ నమ్మను. బీకర్లు కడిగేవాడు చూస్తానంటే లేచి నా స్టూలు ఇస్తాను.

మొన్న ఈ ప్రతిజ్ఞ మామ ఇంట్లో అందరి ముందూ నిలబడి చదివాను. మామ బుగ్గ నిండుగా ఉంది కాబట్టి ఏమీ అనలేదు. అత్త కుట్టుమిషన్ ఆపి, కళ్లద్దాలు పైకి జరిపి నన్ను చూసింది.

"అల్లుడా, గా పుల్లతోని ముందుగాల నీ నెత్తి గీకి సూస్తె, లోపట ఏం లేదని గప్పుడే తెలుస్తుండె."