వాకిలి వైపు ఆగిన రెక్క

మొన్న మా ఇంట్లో ఫ్యాను నెమ్మదించింది. స్విచ్ వేస్తే కాసేపు ఊగిసలాడి, ఇష్టంలేని పనికి బయల్దేరిన మనిషిలా కదిలేది. ఎలక్ట్రీషియన్ వచ్చి నిచ్చెనెక్కి, పైనున్న గిన్నెలాంటి మూత కిందికి జరిపి, పాత కండెన్సర్ పీకి కొత్తది పెట్టాడు. మూత జరిపినప్పుడు, ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము, ఎండిన గ్రీజు, వేడెక్కిన రాగితీగ కలిసిన వాసన ఒకటి గదిలోకి దిగింది. ఒళ్లో పాలు తాగుతున్న నా పసిబిడ్డ ముఖం మీద కొంగు కప్పాను. దుమ్ము పడకుండా కప్పానని అతను అనుకుని ఉంటాడు. నేను మాత్రం అప్పటికే శంషాబాద్ దగ్గరి మా పాత ఇంట్లో, నడిమి గదిలో, అక్క మంచం పక్కన ఉన్నాను.

ఎయిర్‌పోర్టు కొత్తగా వచ్చిన రోజులవి. మాది సిమెంటు రేకుల ఇల్లు, కింద షాబాదు బండలు. వానాకాలంలో రేకుల మీద చినుకులు పడుతుంటే పక్కవాళ్ల మాట కూడా వినపడేది కాదు. ఎండాకాలంలో మధ్యాహ్నానికే రేకులు కాలి, ఆ వేడి తల మీద బరువులా కూర్చునేది. జొన్న అంబలిలో ఉల్లిగడ్డ నంజుకుని, ముంజలు వేలితో పొడుచుకుని నీళ్లు జుర్రుకుని, ఉగాదికి చేసిన తీపి బచ్చాలు ఇంకా మిగిలాయేమోనని ఉట్టి వైపు చూసుకుంటూ, నేనూ అక్కా నాయనమ్మా ఆ నడిమి గదిలో చల్లటి బండల మీద పొర్లేవాళ్లం. ఇంటి మీదుగా విమానం పోయినప్పుడల్లా గిన్నెలు గలగలమనేవి. మొదట్లో వాకిట్లోకి పరుగెత్తి చూసేవాళ్లం గానీ, తర్వాత తర్వాత పక్కకు ఒత్తిగిలడం కూడా మానేశాం.

మా కాలక్షేపమంతా ఆ గది ఫ్యానుతోనే. స్విచ్ వేసి బూజుకర్రతో ఒక రెక్కను తోస్తే తప్ప అది తిరిగేది కాదు. తిరిగినా ఎంత మెల్లగా అంటే, పడుకుని చూస్తే మూడు రెక్కలూ విడివిడిగా కనిపించేవి. దసరాకు గోడలకు సున్నం వేసినప్పుడు చుక్కలు పడ్డ రెక్క అక్కది, కొస వంగినది నాది, మూడోది నాయనమ్మకు అంటగట్టాం. కరెంటు పోయినప్పుడు ఎవరి రెక్క వాకిలి వైపు ఆగితే వాళ్లు లేచి కుండలోంచి అందరికీ నీళ్లు తేవాలి. ఈ ఆటలో తనను కలపొద్దని నాయనమ్మ ఎంత మొత్తుకున్నా వినేవాళ్లం కాదు. "నా రెక్క పీకి పారెయ్యుండ్రే, రెండింటితోని తిరగని," అనేది గొణుగుతూ. అక్క తన రెక్క వాకిలికి దగ్గరవుతుంటే నోటితో ఉఫ్ ఉఫ్‌మని ఊదేది. ఆ ఊపిరి అంత పైకి పోదని తెలిసీ నేను పోట్లాడేదాన్ని.

అక్కకు అత్తాపూర్ సంబంధం చేశారు. తొలి కాన్పుకు ఎండాకాలంలో, అమ్మ లేని మా ఇంటికి వచ్చింది. దవాఖానలో కాన్పు తేలిగ్గానే అయింది, ఆడపిల్ల. ఇంటికి తెచ్చి నడిమి గదిలో పడుకోబెట్టారు. ఇక అక్కడి నుంచి ఆ గది నాయనమ్మది. కిటికీ తలుపులు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కింది. అక్క చెవుల్లో దూది పెట్టి తలకు మఫ్లర్ కట్టింది. మంచం కింద నిప్పుల కుంపటి, అందులో సాంబ్రాణి. వావిలాకు వేసి మరగబెట్టిన నీళ్లతో స్నానం, వెల్లుల్లి కారం అన్నం, గొంతు తడిసేంత మాత్రం నీళ్లు. బాలింతకు గాలి తగలకూడదు, అంతే. ఫ్యాను సరిగా తిరగకపోవడం నాయనమ్మకు కలిసొచ్చింది. దాన్ని బాగు చేయించకపోవడమే ఇన్నాళ్లూ మనం చేసిన మంచి పని అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆమె ఆ గదిని వదిలి బయటకు రాలేదు. అక్క ఉడికిన వేడిలోనే, ఆమె కాళ్లు ఒత్తుతూ, తానూ ఉడికింది.

మా బాపు అప్పటికి ఎయిర్‌పోర్టు కింద పొలం పోగొట్టుకుని అక్కడే సామాన్ల బండ్లు తోసే పనిలో ఉన్నాడు. అద్దాల మేడలో, చెమట అన్నది తెలియని చోట, పొద్దంతా తిరిగి, ఆటో దిగి, ఆ గది గడప దగ్గర నిలబడి అక్కను చూసేవాడు. ఆమె ముఖమంతా కందిపోయి, జుట్టు నుదుటికి అతుక్కుని ఉండేది. ఆ అద్దాల మేడ చల్లదనం ఆయనను లోపల కోసిందని ఇప్పుడు నాకు అర్థమవుతుంది. ఒకరోజు జేబులో కొత్త కండెన్సర్‌తో వచ్చాడు. నాయనమ్మ గడపకు అడ్డం కూర్చుంది.

"పొద్దంతా నేను సల్లగ తిరుగుతున్న. నా బిడ్డ ఈడ ఉడుకుతున్నది. గిదేం న్యాయమే అవ్వా?" అన్నాడు బాపు.

"నిన్ను గన్నప్పుడు నేను ఏ ఫ్యాను కింద పన్నరా? సచ్చిన్నా?" అంది నాయనమ్మ.

బాపు ఆమెను దాటుకుని వెళ్లి, స్టూలు మీద ఎక్కి, మూత జరిపి, తీగలు మార్చి చుట్టాడు. అప్పుడే ఆ వాసన మొదటిసారి నా ముక్కుకు తగిలింది. స్విచ్ వేస్తే, ఏ కర్రా తోయకుండానే, ఫ్యాను ఒక్క ఉరుకు ఉరికింది. గోడ మీది క్యాలెండరు టపటపా కొట్టుకుంది. సాంబ్రాణి పొగ తలుపులోంచి బయటికి పారిపోయింది. అక్క చెవుల్లోని దూది తీసేసి, పైకి చూసి, నన్ను పిలిచి నవ్వింది. "మూడూ కల్సిపోయినయే. ఇగ నీళ్లు ఎవ్వలు తెస్తరే?"

సాయంత్రానికి ఆమెకు వణుకు పుట్టింది. పళ్లు టకటకా కొట్టుకుంటుంటే, "సలి పెడ్తున్నది బాపూ, బంద్ చెయ్," అంది. నాయనమ్మ అందరికంటే ముందు లేచి స్విచ్ ఆపేసింది. దుప్పట్ల మీద దుప్పట్లు, మళ్లీ కుంపటి, మళ్లీ దూది. తెల్లారి అక్కకు మాట తడబడితే గానీ దవాఖానకు తీసుకుపోలేదు. అక్కడి డాక్టరమ్మ, కాన్పు తర్వాత గర్భసంచికి చీము పట్టి రక్తంలోకి పాకిందని, ఈ జ్వరం ఇవ్వాళ్టిది కాదని, ఇన్నాళ్లు ఏం చేశారని అడిగింది. అక్క తిరిగి రాలేదు. పసిదాన్ని అత్తాపూర్ వాళ్లు తీసుకుపోయారు.

ఇన్నాళ్లు ఏం చేశామా? ఆ పొయ్యిలాంటి గదిలో అందరి ఒళ్లూ కాలుతుంటే ఆమె ఒళ్లు కాలడం ఎవరికీ వింతగా తోచలేదు. కుంపటి వేడినీ జ్వరాన్నీ కలిపి ఒకటి చేశాం. దాహం అంటే నీళ్లు తగ్గించాం. ఎవరూ ఆమె చంకలో థర్మామీటరు పెట్టలేదు. పెట్టాలని తోచనీయని ఆచారాన్ని కూడా ఎవరూ నిలదీయలేదు. గాలికి నోరు లేదు కాబట్టి నేరం దాని మీద మోపారు. దినాలకు వచ్చినవాళ్లంతా ఒకే మాట చెప్పుకుని పోయారు: పచ్చి బాలింత, తండ్రి ఫ్యాను పెట్టిండట, గాలి కొట్టి పోయిందట. గదిలో ఒక్కరోజైనా బుద్ధిగా ఆలోచించిన మనిషి బాపు ఒక్కడే. హంతకుడైందీ ఆయనే.

దినాలు కాగానే బాపు స్టూలెక్కి ఆ కొత్త కండెన్సర్ పీకి, మురుగు పారే మోరీలో పారేశాడు. ఆ తర్వాత ఏ ఎండాకాలంలోనూ ఆయన ఫ్యాను కింద పడుకోలేదు. ఇంట్లో ఉంటే వాకిట్లో, వాన వస్తే అరుగు మీద.

నేను చదువుకున్నాను. జ్వరం ఎలా వస్తుందో, వణుకు ఎందుకు పుడుతుందో తెలుసుకున్నాను. ఇలాంటి ఆచారాల మీద సభల్లో మాట్లాడాను, నాతో వాదనకు దిగినవాళ్ల నోళ్లు మూయించాను. సెలవులకు వెళ్లినప్పుడల్లా బాపును కూర్చోబెట్టి, ఫ్యాను పెట్టే నాటికే అక్క ఒంట్లో జ్వరం ఉందని, కిటికీలు తెరిచి ఉంటే అది ముందే తెలిసేదని, ఆయన చేసింది ఒక్కటే సరైన పని అని చెప్పాను. ఆయన ఓపిగ్గా వినేవాడు. చివరికి ఒకసారి అన్నాడు. "నువ్వు చెప్పేది నిజమే గావచ్చు బిడ్డా. కానీ స్విచ్ ఏసింది నేనే గద."



ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో విమానాలకు వచ్చిపోయేవాళ్ల కోసం లాడ్జి కట్టారు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఏసీ వేసుకుని, ఎవరో ముక్కూముఖం తెలియనివాళ్లు, మా నడిమి గది ఉన్నచోట చల్లగా నిద్రపోతుంటారు. నాయనమ్మ పోయి చాలా కాలమైంది. చివరిదాకా తన దోషం ఏమిటో ఆమెకు తెలియలేదు, ఎవరూ చెప్పలేదు.

ఫ్యాను బాగు చేయించిన రోజు సాయంత్రమే బాపు, తాను ఇప్పుడు ఉంటున్న రావిర్యాల నుంచి మనవరాలిని చూడటానికి వచ్చాడు. నా చెవుల్లో దూది లేదు, మంచం కింద కుంపటి లేదు. కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి, ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఆయన గడప దగ్గరే ఆగిపోయి, బిడ్డ వైపు గాక పైకి చూస్తూ నిలబడ్డాడు.

"జర బంద్ చెయ్యరాదు బిడ్డా."

ఎన్ని వేదికల మీద ఎన్ని జవాబులు చెప్పానో. మంచం దిగి స్విచ్ ఆపాను.

అప్పుడు లోపలికి వచ్చి, కాళ్లు ముడుచుకుని కూర్చుని, బిడ్డను ఒళ్లోకి తీసుకున్నాడు. ఉక్కకు ఆయన కణతల మీద చెమట దిగుతోంది, తుడుచుకోలేదు. పైన ఫ్యాను నెమ్మదించింది. కలిసిపోయిన రెక్కలు ఒక్కొక్కటిగా విడివడి, మూడూ వేర్వేరుగా కనిపించి, ఒకటి వాకిలి వైపు వచ్చి ఆగింది.

బాపుకు నీళ్లు తేవడానికి నేను లేచాను.