ఇరవయ్యారా, ఇరవయ్యేడా

మా చిన్నమ్మ నుర్సియాకి ఏడాది మొత్తానికి ఒక్కటే సెలవు, డిసెంబరు ఇరవయ్యారు. ఆ రోజు ఇండోనేసియాలోని మా ఆచే తీరంలో ఒక్క పడవ కూడా సముద్రంలోకి దిగదు. దిగితే రేవు పెద్ద ఊరుకోడు. పడవ రాకపోతే చేప లేదు, చేప లేకపోతే ఉడకబెట్టి ఎండేసే చిన్నమ్మకి పని లేదు. యాభై రెండేళ్లకే ఆమె నడుం వంగిపోయింది. చేతులకి పట్టిన చేప వాసన ఏ సబ్బుకీ పోదు.

నిజం చెప్పాలంటే ఆమె బాగా అలిసిపోయేది ఆ సెలవు రోజునే. 2004లో అదే తేదీన సునామీ ఆమె మొగుణ్ణీ, ఏడేళ్ల కొడుకునీ తీసుకుపోయింది. శవాలు దొరకలేదు. ఏటా వెళ్లి, అందర్నీ కలిపి పూడ్చిన చోట, ఎవరిదో తెలియని మట్టి ముందు కూర్చుని ఖురాన్‌లోంచి యాసీన్ చదువుతుంది. ఆ తర్వాత పోయినవాళ్ల పేరున ఊరంతా కలిసి తినే కందూరికి ఉల్లిపాయలు తరుగుతుంది.

సునామీ వచ్చిన ఆ మధ్యాహ్నమే కొండ మీద, టార్పాలిన్ కప్పిన పందిరి కింద, ఆమెకి కూతురు రైహాన్ పుట్టింది. కాగితాల్లో మాత్రం ఇరవయ్యేడు. రాయించింది చిన్నమ్మే. చెడ్డ రోజు పిల్లకి అంటకూడదని అలా చేసిందనుకున్నాం. పిరికితనం అని నేను మొహం మీదే అన్నాను. ఆమె లేచి ఎండేసిన చేపలు తిరగెయ్యడానికి వెళ్లింది.

రైహాన్‌కి పద్దెనిమిది నిండే ముందు వారం రోజులు ఇంట్లో గొడవే.

“ఈసారి నాకు ఇరవయ్యారునే పెసిజుక్ చెయ్యి,” అంది రైహాన్.

పెసిజుక్ అంటే దీవెన, ఆకుల కట్టతో నీళ్లు చిలకరించి, బియ్యం చల్లి, పసుపు కలిపిన జిగురన్నం నోట్లో పెట్టడం. పెళ్లికైనా, కొత్త బండికైనా మా ఇళ్లల్లో చేసేదే.

“ఊరంతా ఏడుస్తుంటే మనింట్లో పచ్చన్నమా? జనం మొహాన ఉమ్మేస్తారే.”

“ఉమ్మనీ. నేనసలు ఆ రోజు పుట్టనే లేదన్నట్టు చేస్తున్నావు.”

“నోరు ముయ్యవే తల్లీ, ఓపిక లేదు.”

ఇరవయ్యారు సాయంత్రం, కందూరి అయ్యాక, చిన్నమ్మని బండి మీద ఇంటికి తెచ్చాను. చాప మీద పచ్చన్నం, బియ్యం, ఆకుల కట్ట సిద్ధంగా ఉన్నాయి. పక్కనే రైహాన్ బిగుసుకుని కూర్చుంది.

“పొద్దుగూకే మగ్రిబ్ అజాన్‌కి ఇంకా పావుగంట ఉంది. అజాన్ అయితే మన లెక్కలో రోజు మారిపోతుంది. చేస్తావా, చెయ్యవా?”

చిన్నమ్మ గడప మీదే కూలబడి కాళ్లు చాపుకుంది.

“ఇరవయ్యేడు అబద్ధం కాదే. నువ్వు పుట్టిన రోజు నిన్ను నేను చూడలేదు. చేతికిస్తుంటే మొహం తిప్పేసుకున్నా. మీ అన్న కోసం కింద నీళ్లకేసి చూస్తూ కూర్చున్నా. ఎవరో ఒకావిడ, పిల్లలు కొట్టుకుపోయిన మనిషి, నిన్ను ఎత్తుకు తిరిగింది. మర్నాడు ‘పాలియ్యవే, చస్తుంది’ అని తిట్టి నా ఒళ్లో పడేసింది. అప్పుడు చూశా. నాకు నువ్వు పుట్టింది అప్పుడే.”

నేనన్న పిరికితనం మాట గుర్తొచ్చి తల దించుకున్నాను.

“ఆవిడ పేరేంటి?” అంది రైహాన్.

“అడగలేదు. ఆవిడ పిల్లలకి మాత్రం ఏటా యాసీన్ చదువుతా.”

“అంటే ఆ రోజు నన్ను చూసుకోడానికి ఒకళ్లున్నారు. నేను ఆ రోజే పుట్టానన్నట్టే కదా.”

చిన్నమ్మ కూతురి మొహంలోకి చూసింది. చెయ్యి చాపింది.

“లేపు నన్ను.”

లేచి, చేతులు కడుక్కుని, ఆకుల్ని నీళ్లలో ముంచింది. చల్లిన బియ్యం సగం చాప మీద పడ్డాయి. సగం రైహాన్ జుట్టులో చిక్కుకున్నాయి. మొదటి ముద్ద పెట్టింది. రెండోది కలుపుతుండగా మసీదులో అజాన్ మొదలైంది. రైహాన్ ఏడుస్తూనే నోరు తెరిచింది.

“ఇది ఇరవయ్యేడుది,” అంది చిన్నమ్మ. “తిను. రేపు మళ్లీ చెయ్యమనకు, చేపలొస్తాయి.”